సుంకి చెక్కిన రాతికత్తి

చిత్రగిరి రాజ్యంలోకి ఒక పుష్యమాసంలో తెల్లటి మంచు దిగింది. పొద్దెక్కితే విడిపోతుందని అందరూ అనుకున్నారు. నెల గడిచింది, ఋతువు మారింది, మంచు మాత్రం పోలేదు. దాని చలికి మొదట ఇనుము చచ్చింది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, సైనికుల కత్తులు అన్నీ మొద్దుబారి గడ్డిపరకను కూడా కోయలేకపోయాయి. తరువాత మనుషుల మనసులు మొద్దుబారాయి. ఉయ్యాలలోంచి జారిపడిన బిడ్డ ఏడవలేదు, తల్లి పరుగెత్తుకు రాలేదు. వంటవాళ్ళు ఉప్పు వెయ్యడం మరిచారు, తిన్నవాళ్ళు అడగలేదు. రాజు వీరకేతుడు రోజూ కొలువుకు వచ్చి కూర్చుని, సాయంత్రానికి లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ రాజ్యంలో అడవి అంచున గురవన్న అనే కట్టెలు కొట్టేవాడు ఉండేవాడు. అతని కూతురు సుంకికి పద్దెనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచి ఆమెకు ఒక సరదా. వాగులో దొరికే చెకుముకి రాళ్ళను మరో రాయితో కొట్టి, పెచ్చులు లేపి, బాణపు ములుకులూ చిన్న చిన్న కత్తులూ చేసేది. ఈ సరదాలో ఆమెకు తోడు రాజుగారి కొడుకు కేదారుడు. ఒకసారి వేటకు వచ్చి దారి తప్పినవాడు, ఆమె చేతిలోని రాతిములుకును చూసి వేట సంగతే మరిచి అక్కడ చతికిలబడ్డాడు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఇద్దరూ ఒడిలో తోలుముక్క పరుచుకుని పొద్దు వాలేదాకా చెక్కేవాళ్ళు. పెద్ద దెబ్బ కొట్టి రాయిని విడగొట్టడంలో సుంకి నేర్పరి. జింకకొమ్ము మొనతో అంచును నొక్కి పదును తేవడంలో కేదారుడు దిట్ట.

"ఇనుమున్న ఊళ్ళో రాతికత్తులెందుకమ్మీ?" అని గురవన్న నవ్వేవాడు. ఎందుకో వాళ్ళకూ తెలియదు. అనుకున్న చోట రాయి విడితే వాళ్ళకు బాగుండేది, అంతే.

మంచు దిగాక ఆ బాగుండటం కూడా పోయింది. అయినా ఇద్దరూ వాగు దగ్గరికి వస్తూనే ఉన్నారు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

మాఘమాసంలో సుంకి తల్లి ఈరమ్మ జ్వరంతో చనిపోయింది. గురవన్న ఎండుకొమ్మలు ఏరుకొచ్చి చితి పేర్చాడు. ఎవరూ ఏడవలేదు. సుంకి ఇంటికి వచ్చి, అమ్మ చీర మడత పెట్టి, అంబలి కాచి తండ్రికి పోసింది. పదకొండో రోజున వాగు ఒడ్డున చెయ్యి ఆపి అంది:

"మా అమ్మ చచ్చిపోయింది, చిన్నదొరా."

"తెలుసు."

"నాకు ఏడుపు రాలేదు."

కేదారుడు చేతిలోని రాయిని కింద పెట్టాడు. "రావాలి కదా," అన్నాడు.

"రావాలి. అమ్మ కోసం నేను ఏడవకుంటే ఇంకెవరు ఏడుస్తారు? నా ఏడుపు ఎక్కడికి పోయిందో వెతికి తెచ్చుకుంటా."

"నేనూ వస్తాను," అన్నాడు కేదారుడు. ఆ మాటలో ఉత్సాహమూ లేదు, జంకూ లేదు.

సుంకి సంచిలో మంచి రాళ్ళు నాలుగు, సుత్తిరాయి, జింకకొమ్ము వేసుకుంది. మంచు వచ్చే ఉత్తరపు కొండలవైపు ఇద్దరూ నడక సాగించారు.

మూడో రోజు మధ్యాహ్నం అడవిలో నడుముదాకా పుట్ట పెరిగిన ఒక ముని కనిపించాడు. ఇన్నాళ్ళూ తపస్సులో ఉన్నందున మంచు ఆయనను తాకలేదు. సుంకి చెప్పినదంతా విని ఆయన నిట్టూర్చాడు.

"ఆ కొండగుహలో హిమదంష్ట్ర అనే రాక్షసి ఉంది తల్లీ. మీ అందరి సుఖదుఃఖాలను ఒకే నూలుపోగుగా వడికి కదురుకు చుట్టుకుంటోంది. ఆ పోగు తెగితే ఎవరివి వాళ్ళకు చేరతాయి. కాని నిప్పులో పుట్టిన ఏ ఆయుధమూ దాన్ని తెంచలేదని ఆమెకు వరముంది."

"రాయి నిప్పులో పుట్టదు కదా, స్వామీ?"

ముని ఆమె సంచివైపు చూసి తల ఊపాడు. "రాయితో రాయిని చెక్కితే దానికి నిప్పుతో పనిలేదు. అయితే ఒక మాట. గుహలోని మంచు ఏ పదునునైనా ఘడియలో చంపేస్తుంది. కత్తిని ముందుగా చేసుకుపోతే లాభం లేదు. అక్కడే, ఆమె ఎదుటే చెయ్యాలి."

ముని చూపిన దారిలో వెళ్తుండగా కొండసందులో తాటిచెట్టంత ఎలుగుబంటి అడ్డు నిలిచి, ఇద్దరి గుండెలకూ చెవి ఆనించింది.

"భయపడి దడదడలాడే గుండే నాకు ఆహారం. మీ గుండెలేమిటి, ఎడ్లు నెమరు వేసినట్టు నింపాదిగా కొట్టుకుంటున్నాయి?" అంది చిరాగ్గా.

"మాకు భయం రావడం లేదు," అన్నాడు కేదారుడు.

"ఉప్పులేని కూడు నాకొద్దు. పొండి!" అని అది పక్కకు తప్పుకుంది.

ఆ సందు దాటితే సరస్సు. గట్టుమీద వరుసగా రాతిబొమ్మలున్నాయి. నీళ్ళలోంచి పిలిచే గొంతుకు వెనుదిరిగి చూసినవాళ్ళంతా అలా రాళ్ళయిపోయారు. ఇద్దరూ గట్టు మీద నడుస్తుంటే వెనకనుంచి పిలుపు వచ్చింది.

"సుంకీ! ఈ మంచులో పడి ఎక్కడికే? తలమీద కొంగైనా వేసుకోవా?"

అది ఈరమ్మ గొంతు. సుంకి గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా ఆమె కాళ్ళు ఆగలేదు. గొంతు మళ్ళీ పిలిచింది, బతిమాలింది, చివరికి దూరమైపోయింది.

"అది మీ అమ్మ కదా," అన్నాడు కేదారుడు గట్టు దాటాక.

"అవును," అంది సుంకి.

గుహలో పగలే మసకవెలుతురు. మధ్యలో కొండరాయంత రాక్షసి కూర్చుని కదురు తిప్పుతోంది. మంచులోంచి వచ్చే సన్నని పోగు ఆమె వేళ్ళమీదుగా కదురుకు చుట్టుకుంటోంది. కదురు ఆగితే పోగు చేజారిపోతుంది గనుక ఆమె లేవలేదు. వీళ్ళను చూసి మాత్రం పళ్ళికిలించింది.

"ఓసి పిల్లా, ఎందుకొచ్చావు? నీకు మేలే చేశానే! అమ్మ పోయినా కంట తడి లేకుండా తిని పడుకున్నావు. ఆ దుఃఖం తిరిగిస్తే నువ్వు ఓర్చుకోగలవా?"

"ఓర్చుకోలేనేమో," అంది సుంకి. "అయినా అది నాది."

తోలుముక్క పరిచి ఇద్దరూ కూర్చున్నారు. రాక్షసి మంచు ఊదింది. వాళ్ళ వేళ్ళు కొయ్యబారాయి. మొదటి రాయి అడ్డంగా పగిలింది. రెండోది కొనదాకా వచ్చి విరిగింది. మూడోదాన్ని సుంకి గోటితో మీటింది. లోపల చీలిక ఉన్న రాయి మొద్దుగా పలుకుతుంది, అది అలాగే పలికింది. పక్కన పడేసింది. నాలుగోది కంచులా మోగింది.

"ఇదొక్కటే ఉంది. నా వేళ్ళకు రాయి తెలియడం లేదు, చిన్నదొరా. ఎక్కడ కొట్టాలో చూపించండి."

కేదారుడు రాయిని ఎడమ అరచేతిలో పట్టుకుని, కుడి బొటనవేలు అంచుమీద పెట్టాడు. "ఇక్కడ. నేను వేలు తీయగానే కొట్టు."

అతను వేలు తీశాడు. ఆమె కొట్టింది. జానెడు పొడవున పలచటి పెచ్చు లేచి, కేదారుడి అరచేతిని కోసుకుంటూ తోలు మీద పడింది. రక్తం కారుతున్నా అతనికి తెలియలేదు. అదే చేత్తో పెచ్చును పట్టుకుని, కొమ్ముమొనతో అంచు వెంబడి నొక్కుతూ పోయాడు. అది రంపపు పళ్ళలా తేరింది.

"అంచు మసకబారుతోంది, త్వరగా!" అని అతను అందించాడు. సుంకి లేచి, రాక్షసి చేతులకిందుగా దూరి, పోగును ఎడమచేత్తో పట్టి రాతికత్తితో కోసింది. సగం తెగింది. పదును పోతోంది. ఇంకోసారి బలంగా లాగింది.

పోగు తెగింది.

"అమ్మో! నా చెయ్యి!" అని కేదారుడు గుహ దద్దరిల్లేలా అరిచాడు. ఆ రాజ్యపు మనిషి ఒకరు నొప్పితో అరవడం ఎన్ని నెలలకో! కదురు వెనక్కి గిర్రున తిరిగింది. నూలంతా విడిపోయి గుహ బయటికి ఎగిరిపోయింది. మంచు చీలి లోపలికి ఎండ పడగానే హిమదంష్ట్ర నీరై కారిపోయింది.

సుంకి మోకాళ్ళమీద కూలబడింది. "అమ్మా!" అన్న ఒక్క మాట తప్ప ఆమె నోట మరేదీ రాలేదు. నేలమీద నుదురు ఆనించి, ఊపిరాడనంతగా ఏడ్చింది. కేదారుడు తన చేతి గాయాన్ని ఉత్తరీయంతో చుట్టుకుని, ఆమె పక్కన కూర్చుని తానూ ఏడ్చాడు.

తిరుగుదారిలో సరస్సు గట్టున రాతిబొమ్మలు మనుషులై, ఇళ్ళకు పోవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు. సుంకి ఆగి నీళ్ళవైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఎవరూ పిలవలేదు.

చిత్రగిరిలో ఇనుము పదునెక్కింది, బజారులో జనం నవ్వుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. గురవన్న వాకిట్లో కూతురిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కేదారుడు సుంకిని పెళ్ళాడతానని తండ్రికి చెప్పాడు. సుంకీ ఇష్టపడింది. వీరకేతు మహారాజు సింహాసనం దిగి వచ్చి, "రేపే ముహూర్తం! రాజ్యం కూడా మీకే అప్పగిస్తాను. ఇంకేం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు.

"రేపు వద్దు, మహారాజా," అంది సుంకి. "ఈ మంచులో పోయినవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళకోసం ఎవరూ ఏడవలేదు. పదమూడు రోజులు ఇవ్వండి. ముందు ఏడవనివ్వండి."

రాజుకు తన తల్లి గుర్తొచ్చింది. ఆమె కూడా మాఘంలోనే పోయింది. ఆ రోజు కూడా ఆయన కొలువులో కూర్చునే ఉన్నాడు. ఆయన ముఖం కప్పుకున్నాడు.

పదమూడు రోజులు చిత్రగిరిలో కొలువు లేదు, సంత లేదు. పద్నాలుగో రోజున పెళ్ళి జరిగింది. విందులో లడ్డూలు వడ్డిస్తుండగా ఒక ముసలమ్మ పోయిన మనవణ్ణి తలుచుకుని బావురుమంది. ఊరుకోమని ఎవరూ అనలేదు. పెళ్ళికూతురు పీటమీదినుంచి లేచి వెళ్ళి, ఆమె పక్కన విస్తరి వేయించుకుని కూర్చుంది.