నొప్పి అద్దం

2074లో విశాఖపట్నంలో ఎవరినైనా ఆన్‌లైన్‌లో తిట్టాలంటే ముందు కుర్చీలో కుదురుగా కూర్చోవాలి. నిలబడి తిట్టినవాళ్లు పడిపోతున్నారు.

కారణం మణికట్టు మీది నొప్పి అద్దం. కామెంట్ చదివినవాళ్ల గుండెలో రేగబోయే బాధని ఈ న్యూరల్ బ్యాండ్ ముందే లెక్కగట్టి, నాడీ ప్రతిధ్వనిగా రాసినవాడికే రుచి చూపిస్తుంది. తట్టుకోగలిగితేనే పోస్ట్ వెళుతుంది. ద్వేష వ్యాఖ్యల చట్టం కింద యూనివర్సిటీలో అందరికీ ఏడాదిపాటు తొడిగారు. చట్టం ఉంచాలో ఎత్తేయాలో ఈరోజు విద్యార్థులే ఓటేస్తున్నారు.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకిని పక్కన వకుళ గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. తన రంగు మీద వచ్చే కామెంట్లు భరించలేక చదువు మానేసిన పిల్ల. బ్యాండ్లు వచ్చాకే మళ్లీ క్లాసుకొచ్చింది. చట్టం ఓడితే మళ్లీ పెట్టె సర్దుకోవాల్సిందే.

మొదటిరోజు క్యాంటీన్ ఆమెకి ఇంకా గుర్తే. ఎదుటి టేబుల్ కుర్రాడు ఒక చేత్తో ఉప్మా తింటూ, ఇంకో చేత్తో ఆమె గురించి ఏదో టైప్ చేశాడు. చెంచా గాల్లో ఆగిపోయింది. కళ్లు నిండిపోయాయి. "ఇంతుంటాదా!" అన్నాడు, తనలో తనే. ఒక మనిషి ఇంకో మనిషి లోపలికి మొదటిసారి తొంగిచూసిన క్షణం అది. క్యాంటీన్ మొత్తం ఊపిరి బిగబట్టింది. ఉప్మా చల్లారిపోయిందని కూడా ఎవరూ గొడవ చెయ్యలేదు.

"ఏవయ్యా, ఎలా ఉంది చట్టం?" ఓటేసి వస్తున్న ఒకణ్ణి మందాకిని ఆపి అడిగింది.

"సూపరండి మేడమ్! మా హాస్టల్ బ్లాకుకైతే అక్కర్లేదనుకోండి. ఎదర బ్లాకోళ్లకి మాత్రం ఉండాల్సిందే. అయినా ఇప్పుడందరం కలిసిపోయాం కదండీ, బాధే తెలట్లేదు."

ఎదర బ్లాకువాళ్లూ ఇదే అన్నారు, బ్లాకు పేరు మార్చి.

ఫలితం వచ్చింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు.

"మారిపోయారు మేడమ్!" వకుళ ఏడ్చేసింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. మళ్లీ తన రంగు మీదే కామెంట్. చదివి మందాకినికి అందించింది.

మందాకిని బ్యాండ్లన్నిటినీ నడిపే యంత్రం మీద విరుచుకుపడింది. "ఈ కామెంట్‌ని ఎలా వదిలావు?"

"రాసినవాళ్లలో ఎవరికీ నొప్పి హద్దు దాటలేదు మేడమ్. ఇది జాయింట్ పోస్ట్. పుట్టినరోజు శుభాకాంక్షలు కలిసి చెప్పుకోవడానికి ఈ సౌకర్యం మీరే పెట్టారు. బ్లాకులన్నీ కలిసి సంతకం చేశాయి. నొప్పి సమానంగా పంచాను. తలా ఒక చీమ కుట్టినంత."

ఒక్క సినిమా పాస్‌వర్డ్‌ని వీధంతా వాడుకునే జనానికి ఈ ఆలోచన తట్టదని తనెలా అనుకుందో మందాకినికి అర్థం కాలేదు.

వకుళ నెమ్మదిగా యంత్రం వైపు తిరిగింది. "మరి నాకెంత?"

"మీరు ఒక్కరే కదమ్మా," అంది యంత్రం. "మొత్తం."