అమ్మమ్మ మిస్సింగ్

మధ్యాహ్నం రద్దీలో నా షాపులో అన్నం పెట్టి కింబాప్ చుట్టలు చుడుతుండగా ఫోన్ మోగింది. స్కూలు నంబరు. ఒక చేత్తో చుట్ట పట్టుకునే ఎత్తాను.

ఇంగ్లిష్ చెప్పే ఓక్ టీచర్. మా అమ్మ కనపడకుండా పోయిందట కదా, పోలీసులకు చెప్పారా అని జాలిగా అడిగింది. మా అమ్మాయి నారె హోంవర్కులో అలా రాసిందట.

చేతిలోని చుట్ట విడిపోయి అన్నమంతా బల్ల మీద పడింది. నమ్‌హే దీవిలో ఉండే అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. ఎత్తలేదు. సముద్రం, వానకు జారే ఇంటి మెట్లు కళ్లముందు తిరిగాయి. షాపు మూసి, ఏప్రన్ కూడా విప్పకుండా స్కూలుకి పరుగెత్తాను.

నాలుగో తరగతి గది బయట నన్ను చూసి నారె తెల్లబోయింది.

"అమ్మమ్మ గురించి నీకెవరు చెప్పారే?"

"ఏం చెప్పారు?"

టీచర్ నోటుబుక్కు తెరిచింది. "మై గ్రాండ్‌మదర్ ఈజ్ మిస్సింగ్" అని గుండ్రటి అక్షరాల్లో ఉంది.

"మిస్ అంటే చూడాలనిపించడమేగా. ఇప్పుడే అనిపిస్తోందని ఇంగ్ పెట్టాను," అంది నారె.

డిక్షనరీలో తనకి కావలసిన ఒక్క లైను చూసి మూసేసిందట. చూడాలని ఉంటే "ఐ మిస్ మై గ్రాండ్‌మదర్" అనాలని, "మిస్సింగ్" అంటే మనిషి ఏమైపోయిందో తెలియడం లేదని టీచర్ చెప్పింది.

నారె ముఖం పాలిపోయింది. "మరి అమ్మమ్మ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు?"

మళ్లీ చేద్దామని ఫోన్ తీశాను.

అంతలో అదే మోగింది. కిమ్చీ పచ్చడి పెడుతున్నాను, రెండు చేతులూ కారంలో ఉన్నాయి, కొంప మునిగినట్టు అన్నిసార్లు చేశావేం అని అమ్మ విసుక్కుంది. నేను అక్కడే నేలమీద కూలబడ్డాను. నారె ఫోన్ లాక్కుంది.

"అమ్మమ్మా, నిన్ను చూడాలని ఉంది."



"ఏమైందే? మీ అమ్మ బాగానే ఉందా?" నాకంటే భయంగా అడిగింది అమ్మ.

శనివారం బస్సెక్కి వెళ్లాం. అమ్మమ్మా మనవరాలూ పుల్లలెగరేసి యుట్ ఆడారు. నారె మూడుసార్లూ ఓడిపోయింది. ఈ ఆట కూడా డిక్షనరీలో చూసి నేర్చుకున్నావా అని అమ్మ వెక్కిరించింది.

సోమవారం హోంవర్కులో వాక్యం రాయమన్న మాట "లూజ్". నారె డిక్షనరీలో ఆ మాట కింద ఉన్నదంతా వేలుపెట్టి చివరిదాకా చదివింది. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. నోటుబుక్కు తెచ్చి నాకు చూపించింది.

"ఐ లాస్ట్ టు మై గ్రాండ్‌మదర్. ఆటలో అమ్మమ్మ చేతిలో ఓడిపోయానని. మధ్యలో ఈ 'టు' ముందు మర్చిపోయాను."

"మర్చిపోతే?"

"అమ్మమ్మని పోగొట్టుకున్నట్టు. నువ్వు మళ్లీ షాపు మూసేసి వచ్చేదానివి."

పెన్సిల్ తీసుకుని ఆ "టు" మీద ఇంకోసారి గట్టిగా దిద్దింది.