స్పానర్ ఏడో టెస్టు

"కావాలనే ఫెయిలవుతున్నావు కదూ?"

డ్రైవింగ్ స్కూలు గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది టీచరమ్మ. ఎదురుగా ఆరోసారి లైసెన్సు టెస్టు తప్పి వచ్చిన మెకానిక్. నుదుటి మీద గ్రీజు మరక. చుట్టుపక్కల షెడ్లన్నిటిలోనూ అతన్ని స్పానర్ అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు అతనికైనా గుర్తుందో లేదో!

"ఒట్టు మేడం! ఫెయిలవడం నాకేమైనా సరదానా?"

"పాసైపోతే వారానికి మూడు క్లాసులు ఉండవుగా. అదేనా నీ బాధ?"

"అదీ ఉందనుకోండి," అన్నాడు, అబద్ధమాడడం చేతకాని ఆ మహానుభావుడు.

టీచరమ్మ చటుక్కున మొహం తిప్పుకుంది. కోపమొచ్చి కాదు, నవ్వు కనబడుతుందని.

అసలు సంగతేమిటంటే, స్పానర్‌కు డ్రైవింగ్ రాక కాదు. స్టీరింగ్ పట్టుకుంటే కారు అతను చెప్పినట్టు వింటుంది. వచ్చిన చిక్కల్లా ఆ చెవులతోనే. ఇంజిన్‌లో ఎక్కడ టక్కుమన్నా ప్రాణం గిలగిల్లాడిపోతుంది. లైసెన్సు ఆఫీసువాళ్ళ టెస్టు కారేమో ఒట్టి డొక్కు. మొదటిసారి నడిరోడ్డు మీద ఆపి, బానెట్ ఎత్తి బెల్టు బిగించాడు. ఇన్‌స్పెక్టర్ గారు థాంక్స్ చెప్పి మరీ ఫెయిల్ చేశారు. రెండోసారి బ్రేకు కీచుమందని దిగి చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాలుగోసారి మరీ అన్యాయం. మోత టెస్టు కారుది కూడా కాదు, పక్కన పోతున్న లారీది! దాని వెంటపడి, ఆపించి, డ్రైవరుకు రోగం చెప్పి మరీ వచ్చాడు.

తప్పిన మర్నాడు మాత్రం స్కూలు షట్టరు తీయకముందే హాజరు. "సిగ్గులేదూ?" అంటే, "ఉంది మేడం. క్లాసయ్యాక పడతా," అనేవాడు. మొదట్లో ఆమెకు చిరాకేసేది. ఈమధ్య అతను ఐదు నిమిషాలు ఆలస్యమైతే తనే వీధిలోకి తొంగి చూస్తోంది. కొంప మునిగిందని ఆమెకు అప్పుడే అర్థమైపోయింది.

"అమ్మాయ్!" లోపల్నించి నాన్న గొంతు. స్కూలు ఆయనది. "ఏడోసారి కూడా తప్పాడంటే ఇక మన దగ్గర వద్దు. పక్కవీధి స్కూలుకు పంపించెయ్. వాడివల్ల మన పరువు పోతోంది!"

"ఇంకొక్కసారి చూద్దాం నాన్నా."

"ఆరుసార్లు చూశాం కదే!"

ఆ వారమంతా టీచరమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. అతని చెవుల్లో దూది పెట్టించింది. వెనకాల హారన్ వినపడక వీధిలో అందరి చేతా చీవాట్లు తిన్నాడు. టెస్టుకు ముందురోజు సాయంత్రం కారు ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

"నావల్ల కాదేమో మేడం."

"నోర్ముయ్! ఆరుసార్లు అనని మాట ఇప్పుడంటావేం?"

"అప్పుడు పోయింది లైసెన్సే. ఈసారి తప్పితే మిమ్మల్నే పోగొట్టుకుంటా."

ఆ రాత్రంతా టీచరమ్మకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాన. ముందు సీట్లో ఇన్‌స్పెక్టర్ గారు, వెనక టీచరమ్మ. నేర్పినవాళ్ళు వెనక కూర్చోవచ్చు గానీ నడిపేవాడితో మాట్లాడకూడదని అక్కడి రూలు. రెండు మలుపులు బ్రహ్మాండంగా దాటాడు. మూడో మలుపులో మొదలైంది.

టక్. టక్ టక్.

స్పానర్ మెడ బిగుసుకుంది. కాలు బ్రేకు వైపు జరుగుతోంది.

"సార్!" అంది టీచరమ్మ. "మాట్లాడకూడనిది అతనితోనే కదా? మీతో మాట్లాడొచ్చా?"

"ఆఁ... మాట్లాడమ్మా. ఏమిటి?"

"నాకొక అబ్బాయంటే ఇష్టం సార్!" అని గట్టిగా అరిచింది.

ఇన్‌స్పెక్టర్ గారు ఉలిక్కిపడ్డారు. "మెల్లిగా చెప్పమ్మా, నాకు వినపడుతూనే ఉంది."

"మెల్లిగా చెబితే వినాల్సినవాళ్ళకి వినపడదు సార్! ఆరుసార్లు తప్పాడు సార్ ఆ మొద్దు. ఆరుసార్లూ నవ్వుకుంటూ మళ్ళీ వచ్చాడు. పాసైపోతే క్లాసులుండవని బెంగ అతనికే కాదు, నాకూ! అయినా పాసవ్వాల్సిందే. రేపట్నించి నేర్పించడానికి కాదు సార్, ఊరికే పక్కన కూర్చోవడానికి నాకు అతను కావాలి!"

బ్రేకు వైపు వెళ్ళిన కాలు వెనక్కొచ్చింది. స్పానర్ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కారు నీటిగుంటలు తప్పించుకుంటూ, మలుపు మలుపుకీ ఇండికేటర్ వేసుకుంటూ, రివర్సులో ఎక్కడా తగలకుండా వచ్చి ఆఫీసు ముందు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ గారు కాగితం మీద చాలాసేపు రాశారు.

"పాస్," అన్నారు చివరికి. తలుపు తీయబోతూ ఆగారు. "అది సరే గానీ, ఆ మూడో మలుపు దగ్గర్నించీ ఇంజిన్ ఒకటే టకటక. ఎన్నడూ లేనిది, ఇవాళ ఆపలేదేం?"

స్పానర్ అద్దంలో వెనక సీటు వంక చూశాడు.

"టకటకా? నాకేం వినపడలేదే సార్!"