నలభై ఎనిమిది లేబుళ్ళ కేసు

శుక్రవారం పొద్దున ఇంకా తొమ్మిది కాకముందే హెస్టర్ క్వేల్ ఆఫీసు తలుపు ఎవరో దబదబా బాదారు. నెవిల్ ప్రాటర్ వెళ్ళి తీశాడు. గుమ్మంలో డెబ్భై దాటిన పెద్దాయన ఒకడు, కోటు గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుని, తువ్వాలులో చుట్టిన సీసాను చంకలో ఇరికించుకుని నిలబడి ఉన్నాడు.

"డిటెక్టివమ్మ ఉందా? నా బీరులో ఎవరో ఏదో కలిపారు నాయనా. రేపు అరవై మంది తాగాలి దాన్ని!"

బర్టన్ ఊళ్ళో ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాడు నెవిల్. కంగారుపడే మనుషుల్ని కూర్చోబెట్టడం అతనికి కొత్త కాదు. కుర్చీ జరిపి, టీ కలిపి చేతికిచ్చాడు. ఈలోగా లోపలి గదిలోంచి హెస్టర్ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ చేతులు చూసే అలవాటు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ పాతికేళ్ళు గడిపి, ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తోంది. నెవిల్ ఆమె దగ్గర చేరి మూడేళ్ళయింది. ఆమె ఒక వస్తువును చేతిలోకి తీసుకుంటే చాలు, ఇప్పటికీ అతను ఊపిరి బిగబట్టి చూస్తాడు.

"నిదానంగా చెప్పండి," అంది హెస్టర్.

"ఆర్నాల్డ్ విండల్ అంటారు నన్ను. రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో బీరు కాస్తాను. రేపటికి మా పెళ్ళయి యాభై ఏళ్ళు. అందుకని యాభై సీసాలు నింపాను. లేబులు మా ఆవిడ ఎనిడ్ తన చేత్తో గీసింది. రెండు వారాల కిందట అన్నిటికీ నేనే అంటించాను. నిన్న మధ్యాహ్నం ఇద్దరం చర్చి హాలు చూసుకోవడానికి వెళ్ళి, ఐదింటికి తిరిగొచ్చి షెడ్డు తీస్తే నలభై ఎనిమిది సీసాలూ ఉన్నాయి. లేబులు మాత్రం ఒక్కటీ లేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది."

"మిగతా రెండు?"

"ఒకటి వంటింటి అలమరలో ఉంది, దాని లేబులు భద్రంగానే ఉంది. ఇంకోటి నా స్నేహితుడు సిరిల్‌కి రుచి చూడమని ఇచ్చాను."

"పోలీసులకు చెప్పారా?"

"చెప్పాను. 'కాగితాలు పోయాయా తాతా' అని నవ్వారు. కాగితం పోతే పోయిందమ్మా. సీసాను అంతసేపు పట్టుకున్నవాడు మూత జోలికి పోలేదని ఏమిటి నమ్మకం?"

హెస్టర్ తువ్వాలు విప్పి సీసాను కిటికీ వెలుతురులో తిప్పితిప్పి చూసింది. "లేబులు దేనితో అంటిస్తారు?"

"పాలతో. లేబులు వెనక కుంచెతో పాలు రాసి అద్దితే గట్టిగా పట్టేస్తుంది. తడిగుడ్డ వేస్తే మళ్ళీ ఊడొస్తుంది. మా నాన్న నేర్పిన పద్ధతి."

"ఈ సీసాను కడిగారా?"

"లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకొచ్చాను."

హెస్టర్ సీసా బల్ల మీద పెట్టింది. కోటు తొడుక్కుంది.

ఆ పొద్దున గాలి బీరు కార్ఖానాల వైపు నుంచి వీస్తోంది. ఉడికే బార్లీ వాసన ఊరంతా కమ్ముకుంది. కారు అద్దం దించి, "ఇవాళ వాసనకే కడుపు నిండిపోయేలా ఉంది, కదండీ?" అన్నాడు నెవిల్.

"ఆఁ... ఎండ బాగా కాస్తోంది," అన్నాడు ఆర్నాల్డ్.

షెడ్డులో సీసాలు నాలుగు వరసల్లో, ఏ గుర్తూ లేకుండా నిలబడి ఉన్నాయి. హెస్టర్ వంగి ఒక సీసా పొట్ట మీద వేలితో గీత గీసింది. వేలికి సన్నని దుమ్ము అంటింది. "చూశావా నెవిల్?" అంది. నెవిల్ చూశాడు. దుమ్ము కనిపించింది, అంతకుమించి ఏమీ తోచలేదు.

వంటింట్లోకి వచ్చేసరికి పెనం మీద ఓట్స్ అట్టు నల్లగా పొగలు కక్కుతోంది. ఆర్నాల్డ్ నేరుగా పొయ్యి పక్కకే వెళ్ళి నిలబడి, కేకు ఎక్కడ కోయాలన్నది మాట్లాడుతున్నాడు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఎనిడ్ పరుగున వచ్చింది.

"ఆర్నీ! ముక్కు కింద మాడిపోతుంటే కబుర్లేమిటి?"

"చూడలేదే," అన్నాడు ఆర్నాల్డ్.

పెనం దించి, ఎనిడ్ అలమరలోని సీసా తెచ్చింది. లేబులు మీద నీలం కాలువ, దాని మీద వంతెన, వంతెన మీద బోర్లా పడిన సైకిలు. కింద 'యాభై' అని వంకర అక్షరాలు.

"ఆ వంతెన మీద నా సైకిలు గొలుసు ఊడింది," అంది ఎనిడ్. "బాగుచేస్తానని వచ్చి ఈయన పూర్తిగా తెంపేశాడు. చేసేదిలేక ఇంటిదాకా ఈయనతోనే నడిచాను. ఆకాశం రంగు కుదరక మూడుసార్లు గీశాను దీన్ని. పండగకొకటి, చావుకొకటి, మనవరాలి మొదటి పన్నుకొకటి... ఈ ఇంట్లో లేబులు లేకుండా సీసా గడప దాటలేదమ్మా."

హెస్టర్ ఆమెను అడిగి, లేబులు మీద తడిగుడ్డ పరిచి కాసేపు ఉంచింది. కాగితం సుతారంగా జారి వచ్చింది. గాజు మీద పలుచని తెల్లమరక మిగిలింది. గుడ్డంతా నీలమైంది.

"ఇంటి ప్రింటరు సిరా, నీళ్ళు తగిలితే కారిపోతుంది," అంది ఎనిడ్. "పైన వార్నిషు పూద్దామంటే ఈయన వినలేదు."

"షెడ్డు తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

"సిరిల్ బాగ్‌షా దగ్గర," అన్నాడు ఆర్నాల్డ్. "మేం ఊరెళితే పిల్లికి తిండి పెట్టేది వాడే. వాడూ ఇంట్లో బీరు కాచేవాడే, ముప్పయ్యేళ్ళుగా నా బీరుకు వంక పెట్టని రోజు లేదు. ఒకసారి చేదంటాడు, ఇంకోసారి చప్పన అంటాడు. అలాంటివాడు పోయిన వారం ఇచ్చిన సీసా తాగి ఏమన్నాడో తెలుసా? 'బాగుందిరా' అన్నాడు! నోరు మూయించాను!"

"లేబుళ్ళ మీద ఆశపడ్డవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"రోజర్ నాడిన్," అంది ఎనిడ్. "మా బీరు క్లబ్బు కార్యదర్శి. లేబుళ్ళు పోగుచేసి ఆల్బముల్లో అంటిస్తాడు. ఇదీ ఒకటి అడిగితే, శనివారం దాకా ఆగమన్నాను."

రోజర్ మేడ మీద గది నిండా ఆల్బములే. ప్రశ్న పూర్తికాకముందే అతను భగ్గుమన్నాడు. "ఒకే లేబులు నలభై ఎనిమిది నేనేం చేసుకుంటాను, గోడకు కాగితంలా అంటించుకుంటానా? పైగా తడిపి పాడుచేస్తానా ఎనిడ్ బొమ్మని?"

సిరిల్ ఇల్లు ఆ పక్క వీధే. తలుపు తీయగానే ముసలి తెల్లకుక్క ఒకటి తోక ఊపుతూ ముందుకొచ్చింది. దాని మూతీ ముందుకాళ్ళూ నీలంగా ఉన్నాయి. సిరిల్ దాన్ని గబగబా కాలితో వెనక్కి నెట్టాడు.

"విండల్ గారి విషయం..." అని హెస్టర్ మొదలుపెట్టబోయింది.

"వాడెలా ఉన్నాడు?" అన్నాడు సిరిల్. "పొద్దున ఏమైనా తిన్నాడా?"

హెస్టర్ అతని మొహంలోకి ఒక నిమిషం చూసింది. "నాలుగింటికి వాళ్ళ వంటింటికి రండి బాగ్‌షా గారూ," అంది మెల్లిగా.

కారెక్కాక నెవిల్ ఉండబట్టలేకపోయాడు. "సిరిలే, కదా మేడమ్? కానీ ఎందుకు?"

"ఎవరన్నది తేలికే నెవిల్. ఎందుకన్నది ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను."

నాలుగింటికి అందరూ వంటింటి బల్ల చుట్టూ చేరారు. కబురందుకుని వచ్చిన రోజర్ బిగుసుకుని కూర్చున్నాడు. సిరిల్ టోపీని ఒళ్ళో పెట్టుకుని నలుపుతున్నాడు.

"మొదటి మాట," అంది హెస్టర్. "మీ బీరులో విషం లేదు విండల్ గారూ. రెండో మాట. షెడ్డులోని సీసాల నుంచి లేబుళ్ళు ఎవరూ ఊడదీయలేదు. వాటికి ఎప్పుడూ లేబుళ్ళు లేవు."

"నా చేత్తో అంటించానమ్మా!"

"మీరు అంటించినవి వేరే సీసాలు. పాలతో అంటించిన లేబులు ఊడితే గాజు మీద తెల్లమరక మిగులుతుంది. మీరు తెచ్చిన సీసా మీద మరక లేదు. కడిగేశారేమో అనుకుందామంటే, షెడ్డులోని వాటి మీద నెలల నాటి దుమ్ము ఉంది, లేబులు ఉండాల్సిన చోట కూడా. అంటే లేబులు దొంగ రాలేదు. మీ సీసాలు తీసుకెళ్ళి వేరే సీసాలు పెట్టినవాడు వచ్చాడు. మీ లేబుళ్ళను వాటికి మార్చాలనే అతని ఆలోచన. నానబెట్టాడు. సిరా కారిపోయింది. ఆ నీళ్ళలో కుక్క మూతి పెట్టింది. కొత్త లేబుళ్ళు కావాలని ఎనిడ్ గారిని అడిగితే గుట్టు బయటపడుతుంది. తాళంచెవి ఉన్నవాడు, ఇంట్లో నలభై ఎనిమిది సీసాల మంచి బీరు దాచుకున్నవాడు ఒక్కడే."

అందరూ సిరిల్ వైపు తిరిగారు.

"ఆగండాగండి," అన్నాడు రోజర్. "సిరిల్ మూడేళ్ళుగా నిలవపెట్టిన బీరా? వచ్చే నెల క్లబ్బు పోటీకని దాచిందా?"

"ఎందుకురా?" అన్నాడు ఆర్నాల్డ్.

హెస్టర్ ఆ జవాబు సిరిల్‌కే వదిలేసింది. ఆమె ఒక కేసును సగంలో ఆపడం నెవిల్ అంతకుముందు చూడలేదు.

సిరిల్ టోపీ బల్ల మీద పెట్టాడు. "అసూయరా. నీ బీరు నాదానికంటే బాగా కుదిరింది. ఓర్వలేకపోయాను. చాలా?"

"చెవులు ఎర్రబడ్డాయిరా నీకు," అన్నాడు ఆర్నాల్డ్. "పేకాటలో అబద్ధమాడినప్పుడు కూడా అంతే." ఆయన బల్ల మీది తన సీసాను దగ్గరికి లాక్కున్నాడు. "నా బీరు పాడైపోయింది. అంతేనా?"

సిరిల్ టోపీని మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"చెప్పరా సన్నాసీ."

"వెనిగరు," అన్నాడు సిరిల్. "గొంతు దిగితే ఒట్టు. నీకు తెలియలేదంటే... నీకేదో అయిందనిపించింది. అరవై మంది ముందు నువ్వు..."

ఆర్నాల్డ్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "జనవరిలో జ్వరమొచ్చింది చూడు. అది తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. రుచీ లేదు. చేతి అలవాటు మీద కాచాను. ఈ ఒక్కసారికి గట్టెక్కితే చాలనుకున్నాను."

"నాకు తెలుసు ఆర్నీ," అంది ఎనిడ్. "రెండు నెలలుగా నా వంట ఒకే మాటతో మెచ్చుకుంటున్నావు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను." ఆమె లేచి, వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేసి, ప్రింటరున్న గదిలోకి నడిచింది. "రోజర్, ఆ వార్నిషు డబ్బా అందుకో. ఈసారి నా మాటే నెగ్గాలి. నలభై ఎనిమిది కత్తిరించాలి, నీ చెయ్యి నిలకడగా ఉంటుంది."

రోజర్ అప్పటికే చొక్కా చేతులు మడిచేశాడు. నెవిల్‌కు కత్తెర దొరికింది. హెస్టర్ గిన్నెలో పాలు పోసుకుని కుంచె పట్టింది. ఆమె అంటించిన మొదటి రెండు వంకరపోయాయి. ఆమెకు చేతకాని పని ఒకటైనా ఉందని నెవిల్‌కు అప్పుడే తెలిసింది, ఆ సంగతి అతనికి భలే సంతోషాన్నిచ్చింది. ప్రింటరులోంచి వచ్చిన కొత్త లేబులు మీద సైకిలు పక్కన ఇద్దరి పేర్లు చేరాయి, కాచినవారు: విండల్, బాగ్‌షా.

బల్ల చివర ఆర్నాల్డ్ సిరిల్ సీసా ఒకటి తెరిచాడు. రెండు గ్లాసుల్లో పోశాడు. ఒక గుటక వేసి, చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగాడు.

"చల్లగా ఉంది. బుడగలు తెలుస్తున్నాయి. ఇంకేం లేదు," అన్నాడు. గ్లాసు దించి కుర్చీని దగ్గరికి జరుపుకున్నాడు. "నువ్వు తాగు. తాగి చెప్పు. కోతలు కోయకుండా."

సిరిల్ తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ముందు కాల్చిన రొట్టె అంచు తగులుతుంది," అన్నాడు నెమ్మదిగా. "ఆ వెనకే ఎండు రేగుపండ్లలాంటి తీపి. ఎక్కువ కాదు, నాలుక కొసన కాస్త..."

"ఊఁ," అన్నాడు ఆర్నాల్డ్. "తర్వాత?"