బాకుకి నూనె రాసిన చెయ్యి

తలుపు తట్టకుండానే తోసుకుని వచ్చిన ఆ అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా నాన్నని ఖూనీకోరు అంటున్నారండీ!”

ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పి, ఇప్పుడు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. పాతికేళ్లకే జుట్టంతా రాలిపోయి, ఊరందరి చేతా ‘గుండు’ అనిపించుకుంటున్న అసిస్టెంటు మంచినీళ్లు తెచ్చాడు. ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

“పాత కత్తులూ కవచాలూ ఉండే మ్యూజియం లేదూ, అక్కడ వాచ్‌మన్ అండీ నాన్న. నిన్న పొద్దున క్యూరేటర్ పెద్దసారుని ఎవరో పొడిచేశారు. ముందు చూసింది నాన్నే. ఒళ్లోకి తీసుకున్నాడట, చొక్కా అంతా రక్తం. అంతే, పట్టుకుపోయారు.”

“ఆయనేమంటున్నారు?”

“అదేనండీ నా ఏడుపు! నోరు విప్పడు. నేను చెయ్యలేదు అని కూడా అనడు. ఉరి వేస్తారంటున్నారు. నాకున్నది ఆయనొక్కడే మాస్టారూ.”

చెయ్యనివాడికి చెయ్యలేదని చెప్పడానికేం రోగం అనుకున్నాడు గుండు. మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు.

మ్యూజియం హాల్లోకి అడుగు పెట్టగానే గుండుకి ఒళ్లు జలదరించింది. రెండు వైపులా కొయ్య బొమ్మలకి తొడిగిన ఇనుప కవచాలు, తలలు లేని సైన్యంలా నిలబడి ఉన్నాయి. ఒకదాని గుండె దగ్గర ఈటె దిగిన చిల్లు. గోడ నిండా గదలు, గొడ్డళ్లు, ఎన్నో ప్రాణాలు తీసి తీరిగ్గా కూర్చున్న కత్తులు. వీటిని టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తారా జనం అనుకున్నాడు.

“వచ్చారా మాస్టారూ!” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “ఇందులో మీ బుర్రకి మేతేం లేదు. వెనక గుమ్మం తాళంచెవులు నలుగురి దగ్గరే ఉన్నాయి. పోయినాయన, ఆయన మేనల్లుడు, కత్తులకి మెరుగు పనిచేసే ఆవిడ, వాచ్‌మన్. ఆ పొద్దున లోపలున్నది వాచ్‌మనే. డ్యూటీలో కునుకు తీశాడని పెద్దాయన ముందురోజు చీవాట్లు పెట్టాడు కూడా.”

శవం దొరికింది హాలు మధ్యలో, నల్ల కవచం ముందు. మేనల్లుడు ఎక్కడినించో సంపాదించి తెచ్చిన కవచం అది. దాని శిరస్త్రాణం నేల మీద గిన్నెలా వెల్లకిలా ఉంది.

“పెనుగులాటలో పడింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పడితే నేల మీద గీత అయినా పడాలిగా,” అంటూ మాస్టారు లోపలికి టార్చి వేసి, “గుండూ, ఏం కనిపిస్తోంది?” అన్నారు.

“సన్నగా అతుకండీ. విరిగిన నా సైకిలుకి వెల్డింగ్ చేయించినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది.”

మాస్టారు టార్చి ఆర్పారు. అద్దాల బీరువా దగ్గరికి నడిచారు. పొడిచిన బాకు మళ్లీ తన చోట్లోనే ఉంది. పిడి సందులో మిగిలిన రక్తాన్ని బట్టి అదేనని డాక్టరు పోల్చాడు. మాస్టారు చేతి తొడుగులు వేసుకుని దాన్ని ఎత్తారు. తొడుగు మీద జిడ్డు మరక పడింది.

“వాసన చూడు.”

“కుట్టు మిషను నూనె!” అన్నాడు గుండు. పక్కనున్న బాకులన్నీ పొడిగా మెరుస్తున్నాయి.

మెరుగు పనిచేసే ఆవిడని పిలిచి అడిగారు.

“నూనా! అయ్యయ్యో, ఉక్కుకి నూనె తగలనివ్వమండీ ఇక్కడ. దుమ్ము పట్టేస్తుందని పెద్దసారు ఎప్పుడో మాన్పించేశారు, నేను చేరకముందే. మైనమే రాస్తాను. నూనె డబ్బా ఉందిగానీ, తాళాలకీ తలుపు బందులకీ.”

“రక్తం అంటితే?”

“ఊరికే చెమట అంటినా తుప్పేనండీ. రక్తం సంగతి ఇంక చెప్పాలా?”

మేనల్లుడిని అందరూ చిన్నసారు అంటారు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే మామయ్యే పెంచాడండీ. బడి వదలగానే తిన్నగా ఇక్కడికే. ఆయన పక్కన కూర్చుని కత్తులు తుడవడమే నా ఆట.”

“ఇప్పుడూ తుడుస్తారా?”

“ఎక్కడండీ! నల్ల కవచం మీద పుస్తకం రాస్తున్నాను. వచ్చే వారమే దాని ప్రదర్శన. అది పుట్టిన కాలం తేల్చింది నేనే.”

“నిన్న పొద్దున?”

“ఇంట్లో నిద్రపోతున్నాను.”

ఆ సాయంత్రమే మాస్టారు అందరినీ హాల్లోకి పిలిపించారు. వాచ్‌మన్ కూతురు గోడకి ఆనుకుని నిలబడింది.

“చంపినవాడు బాకుని పారేయలేదు,” అన్నారు మాస్టారు. “తుడిచి, నూనె రాసి, జాగ్రత్తగా తన చోట్లో పెట్టాడు. వాచ్‌మన్‌కి ఆ పట్టింపు ఎందుకుంటుంది? ఇది ఉక్కు మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ల పని. అలాంటివాళ్లు ఇద్దరే మిగిలారు. ఈవిడ చెయ్యయితే మైనం డబ్బా మీదికి పోయేది. ఈవిడకి తెలిసింది అదే. కంగారులో మనిషి చెయ్యి చిన్నప్పుడు నేర్చుకున్నదే చేస్తుంది. మీ చిన్నప్పుడు ఇక్కడ రాసింది నూనేగా, చిన్నసారూ?”

మేనల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మీ మామయ్య ఆ శిరస్త్రాణం దించి లోపల చూశారు. ఆ కాలంలో వెల్డింగ్ ఎక్కడిది? నిన్నగాక మొన్న చేసిన నకలు అది. దాని మీద మీ పుస్తకం!”

“అందరికీ చెప్పేస్తానన్నాడు.” అతను శిరస్త్రాణం వైపే చూస్తూ అన్నాడు. “కాళ్లు పట్టుకున్నాను మాస్టారూ. పేరు పోతుందన్నాను. వినలేదు. బీరువా అప్పటికే తెరిచి ఉంది... చేతికి ఏం వచ్చిందో కూడా చూడలేదు. తరవాత బాకుని అలా వదలలేకపోయాను. మామయ్య చూస్తే తిడతాడనిపించింది.”

ఆ మాటకి ఇన్‌స్పెక్టర్ కూడా తల దించుకున్నాడు. మెరుగు పనిచేసే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్టేషన్లో వాచ్‌మన్‌ని వదిలేటప్పుడు మాస్టారు నెమ్మదిగా అడిగారు. “మీరు చిన్నసారుని చూశారు కదూ?”

ముసలాయన తల ఊపాడు. “వెనక గుమ్మంలోంచి చిన్నబాబు వెళ్లిపోవడం చూశానండీ. లోపలికొచ్చి పెద్దసారుని చూశాక అర్థమైంది. నా భుజాలెక్కి ఆ హాలంతా తిరిగిన పిల్లాడండీ. నా నోటితో ఎలా పట్టివ్వను?”

పొద్దున్నుంచీ నీళ్లయినా ముట్టని కూతురు అది విని ఉన్నచోటే ఆగిపోయింది.

“మరి నేనో నాన్నా?” అంది. “నిన్ను ఉరితీస్తే నేనేమైపోవాలని?”

ఆయన చెయ్యి చాచాడు గానీ ఆమె అందుకోలేదు. గుమ్మం దగ్గరున్న ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి, వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.