వేపమండల్లో కప్ప

"జ్ఞానాంబను అరెస్ట్ చేశాం. వెల్ డన్, ఏజెంట్."

ఫోన్లో చీఫ్ మాట విని శ్రీనాథ్ పొంగిపోయాడు. రాజాం కాలేజీలో హరిబాబు అనే దొంగపేరుతో ఆ ప్రొఫెసరుకు ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరింది ఇందుకే. సరిహద్దు నిఘా కోసం ఆవిడ తయారుచేసిన మరకప్పను, అంటే కప్పలా ఎగిరే రోబోను, ఒక విదేశీ ముఠా కొట్టేయబోతోందని కబురు. ఆవిడ ఒక కప్పను వేపమండల్లో చుట్టి వీధి ఆడవాళ్లకు ఇవ్వడం కళ్లారా చూసి రిపోర్ట్ పంపాడు.

టీకి బయటికొస్తే ఆ ఆడవాళ్లే ఎదురొచ్చారు. వేపమండలతో రోకలికి కట్టిన బతికున్న కప్ప మీద ఇంటింటా బిందెలతో నీళ్లు పోయిస్తున్నారు. ఇదేమిటని వాళ్లలో పెద్దావిడ లక్ష్మణమ్మను అడిగాడు.

"వానల్లేవు గదా బాబూ, కప్పతల్లి ఆడతన్నాం. ల్యాబులో పెంచే కప్పని జ్ఞానాంబమ్మే ఇచ్చినాది. ఆయమ్మని పోలీసులెందుకట్టుకెళ్లారో ఏటో."

ఛీ, కప్పతల్లి ఆటంటేనే తెలియని ఏం హైదరాబాదు బతుకు తనది! వాన కోసం ఇచ్చిన కప్పను దేశద్రోహమన్నాడు. రోజూ తనకూ కలిపి క్యారేజీ తెచ్చిన మనిషిని జైల్లో పెట్టించాడు. సిగ్గుతో చచ్చిపోతూ, అసలు మరకప్ప ఉందో లేదో చూద్దామని ల్యాబ్‌కి పరిగెత్తాడు. మరకప్ప లేదు. తన పార్ట్‌నర్, అందాల ఏజెంట్ రాగసుధా లేదు. ఆమె కారు ట్రాకర్ కళింగపట్నం చూపిస్తోంది.

అతను చేరేసరికి ఆమె మోటారు పడవలో ఉంది. ఒళ్లో మరకప్ప, చేతిలో పిస్టల్.

"థాంక్స్ శ్రీనాథ్. నీ రిపోర్ట్ వల్లే నన్నెవరూ అనుమానించలేదు."

ఆ మాట తూటాకన్నా లోతుగా దిగింది. జేబులోని మరకప్ప రిమోట్ మీద మొదటి బటన్ నొక్కాడు. కప్ప కదల్లేదు. బ్యాటరీ అయిపోయిందని రాగసుధ నవ్వింది. కానీ జ్ఞానాంబ పాఠం అతనికి తెలుసు. కప్ప ఒట్టి కండబలంతో అంత ఎత్తు ఎగరదు. ముందు కదలకుండా కూర్చుని, కండ బిగించి, దాన్ని ఎముకకు కట్టే టెండన్‌ను ఉండేలు రబ్బరులా సాగదీస్తుంది. వదిలిందంటే ఆ బలమంతా ఒక్కసారే. మరకప్పా అంతే, మొదటి బటన్‌కు కదలకుండా బిగుసుకుంటోంది.

పడవ ఇంజన్ అందుకుంది. రెండో బటన్ నొక్కాడు. మరకప్ప పిస్టల్‌ను ఎగరగొట్టి, ఆమె తలమీదుగా లేచి, ఒడ్డున ఎండుచేపల మీద పడింది. బిత్తరపోయిన రాగసుధను జాలర్లు పడవలోంచి లాగేశారు.

సాయంత్రం స్టేషన్ మెట్లమీద జ్ఞానాంబ కాళ్లకు దండం పెట్టి తప్పంతా ఒప్పుకున్నాడు శ్రీనాథ్. 

"కప్పయినా ఎగిరే ముందు కాసేపు కూకుంటాది నాయనా," అంది ఆవిడ. "నువ్వు అదీ సెయ్యలేదు."