డీజిల్ తాగిన దొంగ

దీప లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

"మా ఆయన డీజిల్ దొంగ కాదక్కా. మీరు తేల్చకపోతే గోదావరిఖనిల ఆయనకు ఇంకెవ్వరూ బండి ఇయ్యరు."

ప్రైవేటు డిటెక్టివు అనసూర్య కుర్చీ ఆమె వైపు జరిపింది. ఇదివరకు బీమా కంపెనీల కోసం గుద్దుకున్న కార్లను పరీక్షించిన మనిషి. అబద్ధాలకోరులంటే ఆమెకు కోపం కాదు, ఏవగింపు. సహాయకుడు ప్రశాంత్‌కు మాత్రం ఆమె తుమ్మినా అద్భుతమే.

దీప భర్త వీరేందర్, లింగమూర్తి అనే యజమాని కారు నడుపుతాడు. గని ఆఫీసరుకు అద్దెకు తిరిగే బండి. కొన్నాళ్లుగా డీజిల్ విపరీతంగా తాగుతోంది. లింగమూర్తి ట్యాక్సీ స్టాండు నడుమ నిలబడి, వీరేందర్ డీజిల్ గుంజి అమ్ముకుంటున్నాడని ఊరంతా వినేలా అరిచాడు.

"పదండి, ఆ మహానుభావుణ్ణి చూద్దాం" అంది అనసూర్య.

బొగ్గు దుమ్ము రాలే ఊళ్లో తెల్లచొక్కా మాయకుండా తిరగడమే ఘనకార్యం అనుకునే బాపతు లింగమూర్తి. బానెట్ ఎత్తించి చూస్తే లోపల అద్దంలా ఉంది.

"ఎవరు తుడుస్తరు?" అంది అనసూర్య.

"నేనే మేడం! శుక్రవారం నిమ్మకాయ కట్టే ముందు, టైర్ల షాపు కంప్రెషర్ గాలి కొడత. దుమ్ము రవ్వంత ఉండనియ్య. డ్రైవర్లనైతే బానెట్ ముట్టనే ముట్టనియ్య. ఈళ్లకేం తెలుసు?"

అనసూర్య ఇంజిన్ మీదికి వంగి, ఒక చిన్న బోల్టు తల మీద గీతలు చూసింది. తర్వాత కారు కప్పు మీద ఒక వేలు, సైలెన్సర్ పక్కన బంపరు మీద ఇంకో వేలు రాసి ప్రశాంత్‌కు చూపించింది. కప్పు మీది నలుపు గరగరలాడింది. బంపరు మీదిది కాటుకలా మెత్తగా అంటుకుంది.

"రెండూ నలుపే గద మేడం?"

"ఈ ఊరి రోగమే అది. నల్లగ కనబడితే సాలు, బొగ్గనుకుంటరు."

ప్రశాంత్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా పొంగిపోయాడు.

సాయంత్రం స్టాండులోనే అందరినీ పోగుచేసింది. దీప భర్త పక్కన నిలబడింది. వీరేందర్ తల ఎత్తడం లేదు. అనసూర్య కారుకు సెన్సర్ల లెక్కలు చూపే స్కానర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పింది.

"లోపటి గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఇది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బయట గాలి ఎంతుంటే అంతే చూపాలె. పక్కనున్న ఇదే రకం కారుది సక్కగ చూపిస్తున్నది. దీనిది మస్తు ఎక్కువ చూపిస్తున్నది. లేని గాలి ఉన్నదని చెప్తే ఇంజిన్ నమ్మి, దానికి తగ్గ డీజిల్ పోస్తది. అది కాలక మసై పోతది. పోయిన డీజిల్ ఏడున్నదంటరా? గో, గా బంపరు మీద మెత్తటి మసై ఉన్నది."

"మరి సెన్సర్ ఎట్ల ఖరాబైంది?" అన్నాడొక డ్రైవరు.

"దాని లోపట సన్నటి పొర ఉంటది. ఎవరో సాఫ్ చేస్తమని బోల్టు ఇప్పి, టైర్లకు కొట్టే గాలి దాని రంధ్రంలకు కొట్టిండ్రు. గా జోరుకు పొర చెడింది."

"గట్లయితే వీరేందరే కొట్టిండు!" అని ఎగిరాడు లింగమూర్తి.

"బానెట్ ముట్టనియ్యనంటిరి గద?"

లింగమూర్తి తెల్లచొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది అతగాడి వాలకం. ఛీ, ఇంత బతుకూ బతికి! అనసూర్య పక్క కారు సెన్సర్ దీనికి బిగించి, స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే సైలెన్సర్ నుంచి వచ్చే నల్లపొగ మాయమైంది.

"పాడు చేసుడు తెలివితక్కువ. తెల్వకుంటే తెల్వదనాలె. ఇంకొకని నెత్తిన రుద్దుడు లుచ్చతనం" అంది అనసూర్య.

లింగమూర్తి తన చెప్పుల్ని చూసుకుంటూ, "పొరపాటైంది" అని గొణిగాడు.

"దొంగ అన్ననాడు స్టాండంత ఇన్నది. ఇప్పుడు పక్కనున్న నాకే ఇనబడలే. మళ్ల అను."

అన్నాడు. ఈసారి రోడ్డవతల చాయ్ బండి దాకా వినబడింది. వీరేందర్ తల ఎత్తి, జేబులోని తాళం తీసి, ఆ తెల్లచొక్కా జేబులో వేశాడు.

"ఇగ నీ బండి నువ్వే నడుపుకో సేటూ" అన్నాడు.

పక్క కారు యజమాని అప్పటికే తన తాళం అతనికి అందిస్తున్నాడు.